"గ్యాస్ అయిపోయింది సార్"



శివరాత్రికి చలి శివశివా అని పోయింది. ఇక తిరువళ్ళూరు, తిరుత్తణి వాళ్ళం అందరం చేసే పని ఒకటే. నాలుగైదు నెలలుగా మూసిపెట్టిన ఏసీని ఆన్ చేసి, కింద నిలబడి, చెయ్యి చాచి చూస్తాం. గాలి చల్లగా రాలేదంటే మెకానిక్‌కి ఫోన్ కొడతాం. ఆయన బండి మీద వచ్చి, పైకీ కిందికీ ఒకసారి చూసి ఒక మాట చెబుతాడు. "గ్యాస్ అయిపోయింది సార్, నింపాల." మనం సరే అంటాం.

ఈసారి పోస్టు ఈ ఒక్క మాట గురించే. పొడుగ్గానే ఉంటుంది, పోయినసారి రిజర్వేషన్ కోటా గురించి రాసినంత పొడుగు. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా చదవండి. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాత రిటైర్ అయ్యాక కూర్చుని నేర్చుకున్నది, కాబట్టి అచ్చుతప్పులుంటే ఎప్పటిలాగే గ్రూపులో దిద్దండి. బడిలో దీన్ని 'కుళిర్‌సాదనం' అని చదువుకున్నాం. తెలుగులో ఏమంటారో ఎవర్ని అడిగినా ఏసీ అనే అన్నారు. మేమూ ఏసీ అనే రాస్తున్నాం.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమె తిరుత్తణిలోనే ఉంటుంది, ఒక్కతే. ఎనభై దాటింది. ఆమె పుట్టినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, అక్క మాత్రం ఆ వీధి మారలేదు. అమ్మ పొలం పనికి పోతే మమ్మల్ని చంకనేసుకుని తిరిగింది ఆమే. బావ పోయినాక తిరువళ్ళూరుకి వచ్చి మాతో ఉండమని ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. కిందిభాగం బాడుగకిచ్చి, మెట్లెక్కి పైన ఉంటుంది. నెత్తి మీద ఒట్టి కాంక్రీటు మిద్దె. పగలంతా కాలిన మిద్దె రాత్రి పదింటికి కూడా లోపలికి వేడి దించుతూనే ఉంటుంది.

తిరువళ్ళూరు ఎండ వేరు, తిరుత్తణి ఎండ వేరు. రైల్లో గంటన్నర కూడా లేని దూరమే. కానీ సముద్రం గాలి మధ్యాహ్నం మదరాసులో మొదలై పడమరకి నడుచుకుంటూ రావాలి కదా. మా ఊరికి సాయంత్రం ఏ నాలుగుకో చేరుతుంది. కడంబత్తూరు, తిరువాలంగాడు, అరక్కోణం దాటి తిరుత్తణికి వచ్చేసరికి దానికి ఓపిక ఉండదు. పడమటి గాలి గట్టిగా తోలే రోజైతే అసలు రానే రాదు. అందుకే వేసవిలో వాతావరణ శాఖ వాళ్ళు రోజూ ఇచ్చే లిస్టులో తిరుత్తణి పేరు తరచూ పై వరసలోనే కనబడుతుంది. కత్తిరి రోజుల్లో అక్క తడిగుడ్డ నెత్తినేసుకుని నేల మీద పడుకునేది.

మేము 2019లో రిటైర్ అయ్యాం. వచ్చిన డబ్బుల్లో మొదటి ఖర్చు అక్కకి ఏసీ. ఒక టన్నుది, గోడకి తగిలించేది. బిగించే రోజు పక్కింటాయన వచ్చి గోడ కేసి చూసి, "టన్ను బరువంటే ఈ పాత గోడ ఆగుతుందా?" అని అడిగాడు. నవ్వకండి, మనలో చాలామందికి ఈ టన్ను అంటే ఏంటో తెలీదు. మాకూ అప్పటికి తెలీదు. యంత్రం బరువుకీ దీనికీ సంబంధం లేదు. ఒక టన్ను ఐసుగడ్డ ఇరవైనాలుగు గంటల్లో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని ఎంత పీల్చుకుంటుందో, అంత వేడిని ఆ మిషన్ గదిలోంచి లాగుతుంది అని లెక్క. మిషన్లు రాకముందు చల్లదనం అంటే ఐసే కాబట్టి ఆ కొలతే నిలిచిపోయింది. మదరాసు మెరీనాలో వివేకానంద ఇల్లం ఉంది కదా, దాని పాత పేరు ఐస్ హౌస్. 1842లో కట్టారు. అమెరికాలో బోస్టన్ నుంచి ఓడల్లో వచ్చే ఐసుగడ్డల్ని నిలవ చేయడానికి కట్టిన ఇల్లది. తిరువల్లిక్కేణికి పోయేటప్పుడు అందరం దాని ముందు నుంచే పోయాం.

సరే. 2019, 2020 రెండు వేసవులూ బాగా గడిచాయి. అక్క ఫోన్‌లో, "ఒరే, రాత్రి దుప్పటి కప్పుకున్నా" అని చెబితే మాకు ప్రమోషన్ వచ్చినంత సంతోషం.

2021 ఏప్రిల్‌లో చల్లదనం తగ్గింది. తెలిసినవాళ్ళు చెప్పిన మెకానిక్‌ని పంపించాం. గ్యాస్ అయిపోయిందన్నాడు, నింపాడు, 2,800 రూపాయలు. ఫోన్‌లోనే డబ్బులు పంపాం. 2022లో మళ్ళీ అదే, 3,000. 2023లో మళ్ళీ, 3,200. ప్రతిసారీ మా నోట్‌బుక్కులో తేదీ వేసి, 'అక్క ఏసీ – గ్యాస్' అని రాసి, మొత్తం వేసి, గీత గీశాం. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో గుమాస్తా పని చేసిన చేతులు, పద్దు రాయకుండా ఉండవు.

ఆ పద్దు రాశామే గానీ చదవలేదు. ఆఫీసులో ఒకే ఖర్చు ఒకే పద్దు కింద మూడేళ్ళు వరసగా వస్తే, ఆడిట్ వాళ్ళు ఎర్రసిరాతో గుండ్రం చుట్టి, 'కారణం తెలుపుము' అని రాస్తారు. అట్లాంటి కాగితాలకి జవాబులు రాసి రాసి విసిగిపోయినవాళ్ళం. సొంత ఇంటి పద్దులో మాత్రం మూడు గ్యాసులు కళ్ళ ముందే ఉన్నా కనబడలేదు.

2024 మే నెల. అక్కకి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తాం. "ఏసీ చల్లగా ఉందా అక్కా?" అని అడిగితే, "బాగానే ఉండాది లేరా, నువ్వు తిన్నావా?" అనేది. రోజూ అదే జవాబు. ఒకరోజు మధ్యాహ్నం కింద బాడుగకున్న అమ్మాయి నుంచి ఫోన్. అక్క పైమెట్ల దగ్గర పడిపోయి ఉందని, పిలిస్తే పలుకుతోంది గానీ లేవలేకపోతోందని, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతున్నామని. దొరికిన రైలెక్కి పోయాం. అరక్కోణంలో బండి ఆగిన ఆ కాసేపూ ఎంత పొడుగ్గా అనిపించిందో రాయలేం.

దేవుడి దయ, ఎముకలేం విరగలేదు. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయన్నారు. సెలైన్ ఎక్కించారు, మర్నాడు పంపించేశారు. ఇంటికి తీసుకొచ్చి ఏసీ వేస్తే ఫ్యాను గాలి లాంటి గాలి వస్తోంది. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉందని అడిగితే మొదట చెప్పలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా అడిగితే చెప్పింది. "మార్చి నుంచే ఇట్ల ఉండాది. చెబితే మళ్ళా మూడువేలు పంపిస్తారు. ఏటా ఏటా నాకోసం మూడువేలా? ఇంకెన్ని ఏండ్లు ఉంటానని?"

ఈ మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాం. రాయకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. డబ్బులు మావి పోయాయి, అది పెద్ద సంగతి కాదు. ఏటేటా వచ్చే ఆ ఖర్చు అక్క నోరు కట్టేసింది. మనలో ఎంతమంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఊళ్ళో ఒంటరిగా ఉండి, ఫోన్‌లో 'బాగానే ఉండాది' అంటున్నారో.

ఈసారి పాత మెకానిక్‌ని పిలవలేదు. మన సంఘంలోనే ఒకాయన పొదటూరుపేట పిల్లవాడి నంబరు ఇచ్చాడు. నేతపని చేసే కుటుంబం, వాళ్ళ నాయన మగ్గాలు నడుపుతాడు. ఈ అబ్బాయి ఐటీఐ చదివి ఈ పనిలోకి వచ్చాడు. మనవాడే, తెలుగులోనే మాట్లాడాడు. వచ్చీ రాగానే మేము, "గ్యాస్ అయిపోయినట్టుంది నాయనా, నింపెయ్" అన్నాం. అలవాటైన మాట కదా.

అతను నవ్వి, "గ్యాస్ అయిపోయేదానికి అదేమన్నా పెట్రోలా పెదనాయనా?" అన్నాడు.

అప్పుడు అతను చెప్పినది, తరువాత మేము చదివి తెలుసుకున్నది, మాకు అర్థమైన భాషలో చెబుతాం. తిరుత్తణి నుంచి సెంట్రల్‌కి పోయే లోకల్ బండి రేకు ఉంది కదా. ఇక్కడ జనాన్ని ఎక్కించుకుంటుంది, అక్కడ దించుతుంది, ఖాళీగా మళ్ళీ వస్తుంది. గ్యాస్ ఆ రేకు. వేడి అందులో ఎక్కే జనం. గదిలో గోడకున్న పెట్టెలో గ్యాస్ వేడిని ఎక్కించుకుంటుంది, బయట పెట్టెలో దించేస్తుంది, మళ్ళీ లోపలికి వస్తుంది. బయట ఉన్న కంప్రెసరు ఇంజను. జనం ఎంతమంది ఎక్కి దిగినా రేకు తరగదు. పన్నెండు పెట్టెల రేకు సాయంత్రం తొమ్మిది పెట్టెలతో వస్తే, మూడు పెట్టెలు ఎక్కడ పోయాయని అడుగుతాం. 'పెట్టెలు అయిపోయాయి సార్, కొత్తవి తగిలిద్దాం' అని ఎవరన్నా అంటే ఊరుకుంటామా? ఏసీలో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. సరిగ్గా బిగించిన మిషన్‌లో పది పన్నెండేళ్ళు ఒక్క గ్రాము నింపకుండా నడవాలి.

అబ్బాయి మిద్దె మీదికి పోయి బయటి పెట్టె దగ్గర కూర్చున్నాడు. గేజి తీయలేదు, సిలిండరు తీయలేదు. పావుగంట ఊరికే చూశాడు. తరువాత మమ్మల్ని పిలిచి వేలు పెట్టి చూపించాడు. పైపులు వచ్చి కలిసే చోట రెండు ఇత్తడి నట్లుంటాయి. పెట్టె అంతా పొడి దుమ్ము. లావు పైపు నట్టు చుట్టూ మాత్రం దుమ్ము జిడ్డుగా, నల్లగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసరు నూనె కూడా కొంచెం తిరుగుతూ ఉంటుందట. గ్యాస్ కారితే కంటికి కనబడదు, దాంతో వచ్చిన నూనె మాత్రం అక్కడే నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. మూడేళ్ళుగా ఆ మరక అక్కడే ఉంది. వచ్చినాయన మూడుసార్లూ దాని పక్కనే గేజి బిగించి గ్యాస్ నింపి పోయాడు.

నట్టు ఎందుకు వదులైందంటే, తిరుత్తణి వాళ్ళు మీరే చెప్పేస్తారు. కోతులు. కొండ మీది నుంచి దిగి వచ్చి, నీడ ఉంది కదా అని బయటి పెట్టె మీద కూర్చుంటాయి. పైపుకి చుట్టిన నల్ల స్పాంజి పీకి పారేస్తాయి, పైపు పట్టుకుని ఊపుతాయి. రాగి పైపు మెత్తన. చివర సన్నాయి మూతిలాగా విప్పి నట్టుతో బిగిస్తారు, దాన్ని ఫ్లేరు అంటారు. ఊపగా ఊపగా ఆ మూతి దగ్గర సన్నగా చీలింది. ఇంకోటి కూడా ఉంది, అది మా అక్క పని. పెట్టెకి ఎండ తగులుతోందని పాపం గోనెసంచి కప్పింది. బయటి పెట్టెకి నీడ మంచిదే, కానీ గాలి ఆడాలి. సంచి కప్పితే దించాల్సిన వేడిని ఎక్కడ దించుతుంది? ప్లాట్‌ఫారం లేని స్టేషనే.

సబ్బునీళ్ళు బ్రష్షుతో రాస్తే బుడగలు వచ్చాయి. మాకు నమ్మకం కుదిరింది. పాత మూతి కోసేసి కొత్తగా ఫ్లేరు చేసి బిగించాడు. అక్కడితో అయిపోలేదు. నైట్రోజన్ సిలిండరు తెచ్చి, పైపుల్లో గట్టిగా ప్రెషరు పెట్టి, గేజి ముల్లు ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసి, "ఇప్పుడు తిందాం" అన్నాడు. అక్క పప్పు, వంకాయ కూర చేసి ఉంది. తిని, మజ్జిగ తాగి, రెండు గంటల తరువాత పైకి పోయి ఫోటో పక్కన పెట్టి చూస్తే ముల్లు అక్కడే ఉంది. అప్పుడు ఆ నైట్రోజన్ వదిలేసి, వాక్యూం పంపు పెట్టి అరగంట పైన నడిపాడు. పైపుల్లో గాలి, తేమ ఉంటే కంప్రెసరుకి చేటు. పాత ఆయన పంపు తెచ్చిన గుర్తు మాకు లేదు, అక్కకీ లేదు. కాస్త గ్యాస్ వదిలి ఊదేసేవాడు, అంతే.

చివరిది తూకం. బయటి పెట్టె మీద స్టిక్కరు ఉంటుంది, గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు అని. అక్క మిషన్‌కి ఆర్ 32, 600 గ్రాములు. సిలిండరుని కాటా మీద పెట్టి, సరిగ్గా 600 తగ్గేదాకా ఎక్కించాడు. పాత ఆయన గేజి చూసి అందాజుగా నింపేవాడు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందట, కంప్రెసరు మీద భారం పడుతుందట. మీరు కూడా ఆ స్టిక్కరు ఇప్పుడే పోయి ఫోటో తీసి పెట్టుకోండి, ఎండకి వెలిసిపోవచ్చు. సిలిండరు మీది పేరు, స్టిక్కరు మీది పేరు ఒకటేనా అని మీ కళ్ళతో చూడండి. పాత మిషన్లలో ఆర్ 22 ఉంటుంది, కొన్నిట్లో ఆర్ 410ఏ. ఒకదానిది ఇంకోదాంట్లో పోయకూడదు. ఆర్ 32కి కొంచెం మండే గుణం కూడా ఉంది, ఆ పని జరిగేటప్పుడు దగ్గర బీడీ, సిగరెట్ వద్దు.

ఈ గ్యాస్ గాలిలోకి పోతే ఏమవుతుందని కూడా చదివాం. పాత ఆర్ 22 ఓజోన్ పొరని పాడుచేస్తుందని, మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలు దాన్ని మెల్లగా మానిపిస్తూ వచ్చాయి. ఆర్ 32 ఓజోన్‌ని ఏం చేయదు గానీ, భూమిని వేడెక్కించడంలో ఒక కిలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అక్క మిషన్ నుంచి మూడుసార్లూ మొత్తం గ్యాస్ పోయిందనుకుంటే, అది ఒక టన్ను పైన లెక్క. తిరుత్తణి ఎండని తిట్టుకుంటూ ఆ ఎండకే కట్టెలు వేశామన్నమాట.

అబ్బాయి మొత్తం 4,500 తీసుకున్నాడు. మూడేళ్ళలో ఇచ్చింది 9,000.

పాత మెకానిక్‌ని దొంగ అని రాయడానికి మాకు మనసు రావడం లేదు. గ్రూపులో కొందరు పేరు అడుగుతారు, చెప్పం. ఏప్రిల్, మే నెలల్లో ఆయనకి రోజుకి పది ఇళ్ళు. గ్యాస్ నింపడం అరగంట పని. కారే చోటు వెతికి, బాగుచేసి, రెండు గంటలు ఆగి చూడడం అంటే సగం రోజు. ఆ సగం రోజుకి కూలి ఇస్తామని మనలో ఎవరం చెప్పాం? మేమైతే మూడుసార్లూ ఫోన్‌లో, "తొందరగా కానీయప్పా, పెద్దామె ఉక్కపోతతో ఉంది" అన్నాం. ఆయన తొందరగా కానిచ్చాడు. అయితే ఒక్కసారైనా, 'సార్, ఎక్కడో లీకు ఉంది, ఇప్పుడు నింపుతా గానీ మళ్ళీ పోతుంది' అని చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క మాట చెప్పనందుకు మాకు ఆయన మీద కోపం ఇంకా ఉంది.

అబ్బాయి పోయినాక అక్క ఈబీ కార్డు తీసి చూశాం. అక్కడ కూడా అంతా రాసే ఉంది. 2020 వేసవి రెండు నెలలకి 410 యూనిట్లు. 2023లో అదే రెండు నెలలకి 540. అక్క వాడే గంటలు అవే. గ్యాస్ తక్కువున్న మిషన్ పెట్టిన చల్లదనానికి ఎప్పటికీ చేరదు కాబట్టి, ఆగకుండా పరుగెత్తుతూనే ఉంటుంది. మన రాష్ట్రంలో 500 యూనిట్లు దాటితే ఆ దాటిన యూనిట్లకే కాకుండా కింది యూనిట్లకి కూడా రేటు మారుతుందని మీకు తెలుసు. కాబట్టి గ్యాస్ డబ్బులతో పాటు ఈబీకి కూడా కట్టాం.

ఇప్పుడు మేము చేస్తున్నవి చెబుతాం. పెద్ద విద్య ఏం కాదు.

నెలకోసారి లోపలి పెట్టె మూత ఎత్తి జల్లెడ తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడతాం. అక్కకి చెయ్యి అందదు, కింద అమ్మాయి చేస్తుంది. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక, లోపలి కాయిలు మీద ఐసు కడుతుంది. గ్యాస్ తగ్గినా ఐసే కడుతుంది. రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే ఐసు చూడగానే మెకానిక్‌ని పిలవకుండా, ముందు ఆపేసి, కరగనిచ్చి, జల్లెడ కడిగి వేసి చూడండి. సగం ఇళ్ళల్లో అక్కడితో తీరిపోతుంది.

గోడ మీద నీళ్ళు కారితే అది డ్రెయిన్ పైపు. పాచి పట్టి ఉంటుంది, లేదా చీమలు గూడు పెట్టి ఉంటాయి. ఊది తీయించుకోండి, దానికి గ్యాస్‌తో పని లేదు.

ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా, ఆ నిమిషమే మెయిన్ ఆపండి. చల్లదనం సంగతి తరువాత. పాత ఇళ్ళల్లో ఫ్యాను లైనులోంచే ఏసీకి తీగ లాగి ఉంటారు. అక్క ఇంట్లో కూడా అట్లాగే ఉండింది, బోర్డు నుంచి వేరే లావు తీగ, వేరే ఎంసీబీ వేయించాం. ఎర్త్ కూడా చూపించుకోండి. దీనిలో పిసినారితనం వద్దు.

ఇరవైనాలుగులో పెట్టి ఫ్యాను వేసుకోండి. 2020 జనవరి నుంచి అమ్మే మిషన్లన్నీ ఆన్ చేయగానే 24లోనే మొదలవ్వాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని వాళ్ళ లెక్క. మా ఇంట్లో ఈ విషయం మీద ఇంకా చర్చ జరుగుతోంది. మా ఆవిడ 23 దగ్గర నిలబడింది.

అబ్బాయి నేర్పినదాంట్లో మాకు బాగా నచ్చింది థర్మామీటరు. గది వేడి చూసే మామూలుది, రెండొందలు లోపే దొరుకుతుంది. ఏసీ వేసి పావుగంట అయ్యాక, లోపలి పెట్టె పైన గాలి పీల్చే చోట పెట్టి ఎంతో చూడాలి. తరువాత కింద చల్లగాలి వచ్చే చోట పెట్టి చూడాలి. రెండింటికీ మధ్య ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. అక్క మిషన్ ఆ రోజు మూడు చూపించింది. బాగుచేశాక పదకొండు. మెకానిక్ ఏం చెప్పినా, ఫోన్‌లో పెద్దవాళ్ళు ఏం చెప్పినా, ఈ అంకె వేరేగా చెప్పదు.

మీ ఇంట్లో ఎవరైనా 'గ్యాస్ అయిపోయింది' అంటే మూడు అడగండి. ఎక్కడ కారుతోంది? కారడం ఆగిందని ఎట్లా చూపిస్తావు? ఎన్ని గ్రాములు ఎక్కిస్తావు? అడిగి, అతనికి సగం రోజు కూలి ఇస్తామని కూడా ముందే చెప్పండి. ఏప్రిల్ దాకా ఆగకండి, ఇప్పుడే పిలిస్తే వాళ్ళకీ తీరిక ఉంటుంది. పొదటూరుపేట అబ్బాయి నంబరు ఇక్కడ పెట్టడం లేదు, కావలసినవాళ్ళు విడిగా అడగండి. పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు వాళ్ళ ఇళ్ళకి కూడా వస్తాడు.

అక్కకి ఆ థర్మామీటరు దారం కట్టి ఇచ్చి వచ్చాం. ఏసీ బాగుందా అని ఇప్పుడు అడగం. అంకెలు చెప్పమంటాం. మొదట్లో, "నేనేమన్నా కాంపౌండర్నా?" అని విసుక్కుంది. ఇప్పుడు ఆదివారం ఆమే ఫోన్ చేస్తుంది. మొన్న చేసి, "పైన ముప్పైరెండు, కింద ఇరవైఒకటి" అని చెప్పింది. రాసుకున్నాం. బయటి పెట్టె చుట్టూ వేయించిన కమ్మీల గూడు మీద కోతులు కూర్చుని, చేతులు లోపలికి పెట్టి చూస్తున్నాయని, పైపు అందడం లేదని, వాటికి చాలా కోపంగా ఉందని కూడా చెప్పింది.